వాల్తేరులో ఉన్న అబ్బాయి

నర్సు పని నాకిష్టం లేదని చెప్పే ధైర్యం లేక, రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయని మా అమ్మతో అబద్ధమాడాను. మా అమ్మ రాయపూర్ రైల్వే ఆసుపత్రిలో నర్సు. పెళ్ళికి ముందే గుంటూరు జిల్లా నుంచి ఒక ట్రంకుపెట్టె, ఒక బైబిలు పట్టుకుని వచ్చి అక్కడే పాతుకుపోయిన మనిషి. ఆడపిల్ల నర్సో టీచరో కాకపోతే ఇంకేమవుతుందో ఆవిడ ఊహకందేది కాదు. బి.ఏ. పాసై ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న నన్ను చూసి చూసి విసుగెత్తి, చర్చిలో ఎవరినో పట్టుకుని ఊళ్ళో ఒక సేవాసంస్థలో చేర్పించింది. ఎనభైల మొదట్లో సంగతి. రాయపూర్ అప్పటికింకా మధ్యప్రదేశ్‌లోనే ఉంది.

సంస్థ అంటే పెద్దగా ఏమీ కాదు, బజారు సందులో మేడమీద రెండు గదులు. మొగుడు వదిలేసినవాళ్ళు, ముసలితనంలో దిక్కు లేనివాళ్ళు, నడవలేని బిడ్డని ఏ బడిలో వెయ్యాలో తెలియనివాళ్ళు మెట్లెక్కి వచ్చేవారు. వాళ్ళ మాట వినడం, వాళ్ళకేం కావాలో కనుక్కోవడం, ఆసుపత్రో కోర్టో పింఛను ఆఫీసో ఎక్కడ పనవుతుందో అక్కడికి దగ్గరుండి తీసుకెళ్ళడం, తర్వాత మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూడడం, ఇదీ ఉద్యోగం. కేస్ వర్క్ అనేవారు. నాకు నేర్పింది అక్కడి పెద్దావిడ, అందరూ దీదీ అనేవారు. బిలాస్‌పూర్ వైపు మనిషి, భారీ విగ్రహం, నోట్లో ఎప్పుడూ పాన్. ఆవిడ నేర్పిన మొదటి పాఠం నోరు మూసుకోవడం. ఇక్కడ విన్నది మెట్లు దిగకూడదంది. రెండో పాఠమూ అదే, వచ్చినవాళ్ళు మాట్లాడుతుంటే నోరు మూసుకోవడం. పుట్టినప్పట్నుంచీ వాగుడుకాయనని పేరు తెచ్చుకున్న నాకు ఈ పనెందుకు ఇచ్చారో దేవుడికే తెలియాలి.

ఒక మిట్టమధ్యాహ్నం మా రైల్వే కాలనీ బాబాయిగారు ఆ మెట్లెక్కి వచ్చారు. చుట్టమేమీ కాదు, పిలుపు అంతే. బొబ్బిలి దగ్గర పల్లెటూరి మనిషి, వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరు, మా వెనక వరసలో క్వార్టరు. ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చారేమో, చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. గుమ్మంలో నిలబడి గదంతా చూసి, ఆఖరికి బల్ల వెనక నన్ను చూశారు. ఆ మొహం నేనిప్పటికీ మర్చిపోలేదు. తెలుగువాళ్ళెవరూ ఉండని చోటు వెతుక్కుని వెతుక్కుని వచ్చారు పాపం, అక్కడ నేను కూర్చున్నాను.

"ఏటమ్మా, ఇక్కడ సేస్తన్నావా?" అన్నారు నవ్వు తెచ్చుకుని. "ఇటేపు పనుండి వొచ్చాను. ఓపాలి నిన్ను సూసి పోదామని."

కూర్చోమన్నాను, మంచినీళ్ళిచ్చాను. నిలబడే తాగి, గ్లాసు బల్లమీద పెట్టి వెళ్ళిపోయారు.

ఎవరని దీదీ లోపల్నుంచి అడిగింది. మా కాలనీ ఆయన, నన్ను చూసి పోదామని వచ్చారన్నాను. "ఈ ఎండలో నీ మొహం చూడ్డానికి సైకిలు తొక్కుకుంటూ ఎవరొస్తారే!" అని పకపకా నవ్వింది. నవ్వడం ఆపి, "వెళ్ళు. వాళ్ళింటికి వెళ్ళు" అంది.

ఆయనెందుకు వచ్చారో నాకు తెలుసు.

బాబాయిగారి ఒక్కగానొక్క కొడుకు వాల్తేరులో ఉద్యోగం చేస్తున్నాడని మా కాలనీలో తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఆ కొడుకు వాళ్ళ క్వార్టరు వెనక గదిలో ఉన్నాడని కూడా అందరికీ తెలుసు. కాలేజీలో చదువుతుండగా అతనికి మతి చెదిరింది. లేని మనుషులతో మాట్లాడేవాడు. ఓ రోజు వీధిలోకి పరిగెత్తి ఎవరింటి కిటికీ అద్దాలో పగలగొట్టాడు. అప్పుడు ఆ గదికి బయట గొళ్ళెం పెట్టారు, నెమ్మదించేదాకా అనుకుని. ఏళ్ళు గడిచిపోయాయి. మొదట్లో ఎవరో అడిగితే బాబాయిగారు తడుముకోకుండా వాల్తేరులో పని దొరికిందన్నారు. ఆ మాట అలా ఉండిపోయింది.

దాన్ని నిలబెట్టింది మాత్రం వాళ్ళు కాదు, మేమే. రైల్వే పాసుమీద వాల్తేరు వెళ్ళేవాళ్ళు ముందురోజు వాళ్ళింటికి వెళ్ళి, "మీవాడికేమైనా పంపిస్తారా?" అని అడిగేవారు. "ఇప్పుడేటీ వొద్దమ్మా, మొన్ననే పంపినాం" అనేది పిన్నిగారు, అంటే ఆ అబ్బాయి తల్లి. పండక్కి రాలేదేమని ఎవరూ అడిగేవారు కాదు. "ఛుట్టీ దొరికుండదు పాపం" అని ఆ కారణం కూడా వాళ్ళే అందించేవారు. వేసవిలో పచ్చళ్ళు కలిపినప్పుడు ప్రతి ఇంటినుంచీ ఓ సీసా వెళ్ళేది. మీ అబ్బాయికి పంపించండి, హోటలు తిండి తింటుంటాడు, అని. మా అమ్మ మాగాయ పంపేది. ఆ సీసా ఎన్నోసార్లు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా. అదీ మా మర్యాద. పెద్దవాళ్ళకి నమస్కారం పెట్టడంతో పాటు పిల్లలకి అదీ నేర్పేవారు.

ఇప్పుడు బాబాయిగారు రిటైరవుతున్నారు. రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. సామాన్లన్నీ లారీలో వేసుకోవచ్చు గానీ ఆ వెనక గదిని వేసుకోలేరు కదా. అందుకే ఆయన ఆ ఎండలో అంత దూరం తొక్కుకుంటూ వచ్చారు.

వెళ్ళాను. పిన్నిగారు కుర్చీ తుడిచి వేసింది, టీ పెట్టింది, మా అమ్మ మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయని అడిగింది. నాకు సంబంధాలేమైనా వస్తున్నాయా అని కూడా అడిగింది. నేనక్కడ సంస్థ మనిషిని కాను, సిస్టరుగారి అమ్మాయిని. ఆవిడ వీధి కుళాయి దాటి ఎక్కడికైనా వెళ్ళగా నేను పెద్దదాన్నయ్యాక చూడలేదు. బజారు పని, మందుల పని, అన్నీ బాబాయిగారివే. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా. దీదీ నేర్పిన ప్రశ్నలన్నీ నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. చివరికి, "మీ అబ్బాయెలా ఉన్నాడు పిన్నిగారూ, వాల్తేరులో?" అన్నాను. నా నోటిని నేనే నమ్మలేకపోయాను.

"కులాసాయే తల్లీ" అంది.

గోడవతల ఎవరో దగ్గారు. పిన్నిగారు గొంతు పెంచి టమాటాల ధర చెప్పడం మొదలుపెట్టింది. నేనూ గొంతు పెంచి వంకాయల ధర చెప్పాను. అలా కాసేపు ఇద్దరం కూరగాయల పేర్లు అరుచుకున్నాక ఇంటికొచ్చేశాను.

మా అమ్మకి నేనేమీ చెప్పలేదు. అయినా ఆవిడ నర్సు, మొహం చూసి జ్వరం ఎంతుందో చెప్పే మనిషి.

"ఆ ఇంటికెందుకెళ్ళావ్?"

"ఊరికే."

"ఊరికే వెళ్ళేవాళ్ళు ఏదో ఒకటి పట్టుకెళ్తారు. నువ్వు చేతులూపుకుంటూ వెళ్ళావ్. చూడూ, ఆవిణ్ణేమీ అడక్కు. నువ్వడిగితే ఆవిడ చెప్పాలి. చెప్పడమంటే మాటలనుకున్నావా?"

"ఎవరూ అడక్కుండా ఆ గదికి గోడలు మనమే కట్టాం కదమ్మా" అన్నాను.

"కట్టాం. ఆవిడ తలెత్తుకుని కుళాయి దగ్గరికి రాగలుగుతోందంటే ఆ గోడలవల్లే" అంది మా అమ్మ.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆఫీసులో నోరు మూసుకోమన్నారు, ఇంట్లో నోరు మూసుకోమన్నారు, ఆ ఇంటికెళ్తే నా నోరే వంకాయల ధర చెప్పి వచ్చింది. ఎటు తిరిగినా గోడే. ఈ ఉద్యోగం మానేసి రక్తం చూస్తే కళ్ళు తిరగడం తగ్గిపోయిందని చెప్పేద్దామా అని కూడా ఆలోచించాను.

మర్నాడు దీదీ ఏం తెచ్చావని అడిగింది. కూరగాయల ధరలు తెచ్చానన్నాను. ఈసారి నవ్వలేదు. "నువ్వెళ్ళింది నీ ప్రశ్నకి జవాబు తెచ్చుకోవడానికి. అబ్బాయి లోపలున్నాడని ఆవిడ నోటితో అనిపించాలని. అది నీకెందుకు? ఆవిడ దేని గురించి దిగులు పడుతోందో అది అడుగు" అంది. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదా అని ఉక్రోషమొచ్చింది.

మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ కుర్చీ తుడిచింది, మళ్ళీ టీ పొయ్యిమీద పెట్టింది. ఈసారి వాల్తేరు ఊసెత్తలేదు. "క్వార్టరు ఖాళీ చేశాక ఎక్కడికెళ్తారు పిన్నిగారూ?" అని అడిగాను.

టీ పొంగి పొయ్యిలో పడింది. ఆవిడ దించలేదు.

"మా ఊరెల్లాలని ఉంది తల్లీ. ఇల్లుంది అక్కడ. కానీ ఊళ్ళో అందరికీ ఆడు రాయిపూరులో ఉజ్జోగం సేస్తన్నాడని సెప్పినాం. ఇక్కడేమో వాల్తేరులో ఉన్నాడని సెప్పినాం. ఇక్కడోళ్ళకి ఆడు అక్కడున్నాడు, అక్కడోళ్ళకి ఇక్కడున్నాడు. నువ్వే సెప్పు, ఆణ్ణి ఎక్కడికి తీసికెల్లాల?"

రాయపూర్ నుంచి వాల్తేరు వెళ్ళే రైలే బొబ్బిలి మీదుగా పోతుంది. ఆ రైల్లో తిరిగే మావాళ్ళకి రెండు మాటలూ తెలుసు. ఒకటి ఇంకోదానికి తగలకుండా ఇన్నేళ్ళూ జాగ్రత్తగా మోశారు. నాకు ఏడుపొచ్చింది. ఏడవకూడదని దీదీ ఎప్పుడూ చెప్పలేదు కాబట్టి ఏడ్చేశాను. పిన్నిగారు లేచి, పొయ్యి ఆర్పి, వెనక్కి వెళ్ళి గొళ్ళెం తీసింది.

ఒక మంచం, ఒక స్టూలు, ఎత్తున చిన్న కిటికీ. ముప్ఫై దగ్గర పడుతున్న మనిషి, ఉతికిన చొక్కా, నున్నగా గీసిన గడ్డం. బాబాయిగారే గీసేవారట. నన్ను చూసి లేచి, వీపు గోడకానించి నిలబడ్డాడు.

"సిస్టరుగారి అమ్మాయివా?"

అవునన్నాను.

"మాగాయలో ఈసారి మెంతిపిండి ఎక్కువైంది. మీ అమ్మగారికి చెప్పు" అన్నాడు.

ఇది మెట్లు దిగకూడని సంగతి కాదు, అతను చెప్పమన్న కబురు. ఇంటికెళ్ళి చెప్పాను. "నిజమే, ఎక్కువైంది" అంది మా అమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. పెద్దాసుపత్రిలో మతిస్థిమితం లేనివాళ్ళని చూసే డాక్టరు ఏ రోజు కూర్చుంటాడో మర్నాడే తనే కనుక్కుని వచ్చింది.

డాక్టరున్నాడు, రోగి ఉన్నాడు, మధ్యలో మా వీధి ఉంది. "వాల్తేరులో ఉన్నోడు ఈ ఇంట్లోంచి ఎలాగ బయటికొస్తాడమ్మా?" అన్నారు బాబాయిగారు. చీకటి పడ్డాక తీసుకెళ్దామన్నారు. చీకటి పడ్డాక డాక్టరుండడు. నాకైతే ఈ నాటకం కట్టిపెట్టమని కాలనీ మధ్యలో నిలబడి అరవాలని ఉంది. అరవడానికి ఉపన్యాసం కూడా తయారు చేసుకున్నాను. దీదీ అదంతా ఓపిగ్గా విని, "ఆ అబద్ధం వాళ్ళది. వాళ్ళని అడక్కుండా నువ్వెవరు పగలగొట్టడానికి? అయినా ఉద్యోగం చేసేవాడు సెలవుమీద ఇంటికి రాకూడదా?" అంది.

అలా అతను సెలవుమీద వచ్చాడు. బాబాయిగారు అటకమీంచి సూట్‌కేసు దించి, దులిపి, అందరికీ కనపడేలా వరండాలో పెట్టారు. ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే తల్లీ నేనూ చెరోవైపు నడుస్తూ బయల్దేరాం. మలుపులో రిక్షా ఉంది. కుళాయి దగ్గర ఆడవాళ్ళందరూ ఉన్నారు. అతను వెలుతురుకి కళ్ళు చికిలించి, నడవలేక ఆగిపోయాడు. పిన్నిగారు వెనక్కి తిరగబోయింది. అందరికంటే పెద్దావిడ బిందె కింద పెట్టింది.

"ఎప్పుడొచ్చావు బాబూ వాల్తేరునుంచి?"

అతను ఆలోచించాడు. "పొద్దున్నేనండి. రైలు లేటు" అన్నాడు.

"ఆ రైలెప్పుడూ అంతే" అంది ఆవిడ. మిగతావాళ్ళు బిందెలు జరిపి దారిచ్చారు.

ఇన్నేళ్ళు అతన్ని లోపల పెట్టిన మాటే అతన్ని నిమిషంలో బయటికి తెచ్చింది. నాకు వాళ్ళందరినీ పట్టుకుని కొట్టాలనిపించింది, వాళ్ళ కాళ్ళమీద పడాలనీ అనిపించింది.

మందులతో అతనికి పూర్తిగా నయమైందని రాయగలిగితే బాగుండును. కాలేదు. నిద్ర పట్టింది, లేనివాళ్ళతో మాటలు తగ్గాయి, పగలు వరండాలో కూర్చునేవాడు. ఒంటరిగా వదిలితే మాత్రం బెదిరిపోయి, ఎటో తెలియకుండా నడుచుకుంటూ పోయేవాడు. క్వార్టరు ఖాళీ చేశాక వాళ్ళు ఊరెళ్ళలేదు. రాయపూర్‌కి దగ్గర్లోనే ఉన్న అభన్‌పూర్‌లో రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. బాబాయిగారు రైస్‌మిల్లులో కాపలాకి కుదిరారు. చుట్టుపక్కల తెలుగువాళ్ళు లేరు. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ మొదటిరోజే గుమ్మంలో నిలబడి, మీ అబ్బాయికేమైందని మొహమ్మీదే అడిగిందట. పిన్నిగారూ మొహమ్మీదే చెప్పేసిందట. ఆ ఇంట్లో ఏ గదికీ బయట గొళ్ళెం ఉండకూడదని మాట తీసుకున్నాను. వెళ్ళి చూస్తే నిజంగానే లేదు. నేను పొంగిపోయాను. నేను పట్టిన మొదటి కేసు, ఇక ముగించవచ్చు అనుకున్నాను.

ముగించేముందు ఇంట్లో ప్రతి మనిషినీ ఇంకేం కావాలని అడగాలి, అది పద్ధతి. కొడుకు తన గడ్డం తనే గీసుకుంటానన్నాడు. బాబాయిగారు నవ్వేసి ఊరుకున్నారు. పిన్నిగారిని అడిగితే ఇంకెవరినైనా అడిగానేమోనని వెనక్కి తిరిగి చూసింది.

"నాకా?"

"మీకే."

చీర అంచు నలుపుతూ, "సిన్న రైలెక్కాలని ఉంది" అంది. అభన్‌పూర్ మీదుగా వెళ్ళే సన్న పట్టాల బండి అది. ఒక పాయ ధమ్తరికి, ఇంకో పాయ రాజింకి పోయేది. దాని కూత వాళ్ళింటికి రోజూ వినపడేది. రైల్వే ఉద్యోగి భార్య, ఉచితంగా తిరగడానికి పాసులున్న మనిషి, కొడుక్కి జబ్బు చేసినప్పట్నుంచీ ఇల్లు మారేందుకు తప్ప రైలెక్కలేదు.

"దానికేముంది, నేనూ వస్తాను, కలిసి వెళ్దాం" అన్నాను ఉత్సాహంగా.

"వొద్దమ్మా. ఒక్కదాన్నే ఎల్తాను. ఎవల్నీ సూసుకోకుండా కిటికీకాడ కూకోవాల."

నేను ఉంటాను మీరు వెళ్ళి రండన్నాను. ఆ ఆదివారమే బాబాయిగారు మిల్లుకి వెళ్ళాక ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, గొడుగు పట్టుకుని రాజిం బండికి బయల్దేరింది. మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

మొదట్లో బాగానే గడిచింది. అతనికి అన్నం పెట్టాను, పాత పత్రిక చదివి వినిపించాను. తర్వాత మొదలైంది. "అమ్మేదీ?" రాజిం వెళ్ళింది, వచ్చేస్తుంది. "అమ్మేదీ?" మళ్ళీ అదే జవాబు. నేను గ్లాసులు కడుగుతూ తలెత్తేసరికి మనిషి రోడ్డుమీదున్నాడు. పరిగెత్తి, బతిమాలి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. కూర్చోబెట్టాను. లేచాడు. కూర్చోబెట్టాను. నాకు పెరటి చివరున్న పాయిఖానాకి వెళ్ళాల్సి వచ్చింది. ఎలా వెళ్ళను? ఆపుకున్నంతసేపు ఆపుకుని, ఇక లాభం లేక వీధి తలుపుకి లోపల్నుంచి కింది గొళ్ళెం పెట్టి పరిగెత్తాను. తిరిగొచ్చాక ఆ గొళ్ళెం తియ్యలేదు. తియ్యాలనిపించలేదు. తలుపుకి వీపానించి నేలమీద కూర్చున్నాను.

బయట రైలు కూసింది. ఆవిడది కాదు. ఎండ గోడెక్కి దిగిపోతోంది. ఆ గదిలో గాలి లేదనిపించింది, రెండు కిటికీలూ తెరిచే ఉన్నాయి. ఆవిడ ఇక రాదేమో అనిపించింది. రాకపోతేనే ఆవిడకి బాగుంటుందని కూడా ఒక్క క్షణం అనిపించింది. ఆ వెంటనే, మరి నేనో అనిపించింది. అతను నా ఎదురుగా నిలబడి "అమ్మేదీ?" అన్నాడు. "నాకు తెలీదు, కూర్చో!" అని అరిచాను.

దీపాలు పెట్టేవేళకి తలుపు తట్టిన చప్పుడైంది. లేచి గొళ్ళెం తీశాను. పిన్నిగారి మొహం ఎండకి కమిలిపోయి ఉంది, జుట్టంతా రేగిపోయి ఉంది. ఆవిడ అంత అందంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. చేతిలో ఏదో పొట్లం. లోపలికి అడుగు పెట్టబోయి ఆగి, గొళ్ళెం వైపు చూసింది, నా వైపు చూసింది. సిగ్గుతో నా తల కిందికి దిగిపోయింది.

"పైది కూడా ఏసుకోవాల తల్లీ" అంది మెల్లగా. "కిందది ఆడు తీసేస్తాడు."

చెప్పులు విడిచి, కొడుకు చేతిలో పొట్లం పెట్టి, గొడుగు మూల నిలబెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంటూ నా పక్కన కూర్చుంది.

"వొచ్చే ఆదోరం ధమ్తరి ఏపెల్తాను. నువ్వొస్తావు కదా?"

వస్తానన్నాను.